పండగ ముందు పిలిచే శాంతి కమిటీ చాలదు: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల అధికారులకు బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కలెక్టర్లకు, ఎస్పీలకు, యువజన సర్వీసుల శాఖ అధికారులకు, ఎచ్చెర్ల అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, విజయనగరం జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయాల ఎన్ఎస్ఎస్ సమన్వయకర్తలకు,

నమస్కారం.

అమ్మవారి సంబరానికి వారం ముందో, వినాయక నిమజ్జనానికి మూడు రోజుల ముందో మన మండలాల్లో స్టేషన్ నుంచి కబురొస్తుంది. రెండు వీధుల పెద్దమనుషులు వెళ్లి కూర్చుంటారు. ఊరేగింపు ఏ దారిన వెళ్లాలో, డీజే ఎన్నింటికి ఆపాలో ఎస్సై గారు చెబుతారు. సంతకాలు పెడతారు, టీ తాగుతారు, ఇళ్లకు వెళ్తారు. గొడవ వాసన గట్టిగా ఉంటే ఇరువైపులా పది పదిహేను మంది కుర్రాళ్లను తహసీల్దారు ముందు బైండోవర్ చేస్తారు, అంటే గొడవ చేయబోమని పూచీకత్తు రాయించుకుంటారు. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ ఉన్నన్నాళ్లూ అది సెక్షన్ 107, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో సెక్షన్ 126. బైండోవర్ కాగితం మీద పేరున్న కుర్రాడు శాంతి కమిటీలో ఉండడు. కమిటీలో సంతకం పెట్టిన పెద్దాయన రాత్రి పదకొండింటికి డీజే ముందు ఉండడు. ఆడవాళ్లు రెండు చోట్లా ఉండరు.

ఇంకోవైపు ఏటా జనవరి 12న జాతీయ యువజన దినోత్సవం జరుపుతాం. వక్తృత్వం, వ్యాసరచన, జానపద నృత్యం, ‘యువ నాయకత్వం’ అన్న ఫ్లెక్సీ. ఊళ్లో ఒకరి మొహం ఒకరు చూసుకోని రెండు వీధుల పిల్లలు ఒకే వేదిక మీద ప్రైజులు తీసుకుని వేర్వేరు ఆటోల్లో ఇంటికెళ్తారు.

మేమడిగేది ఈ రెండింటికీ నడుమ ఉండాల్సిన పని. చీలిక ఉన్న చోట రెండు వైపుల యువత, అదే ఇరవై నాలుగు మంది, ఏడాది పాటు, పోలీసు నీడ లేని గదిలో, శిక్షణ పొందిన ఇద్దరు మనుషుల ఆధ్వర్యంలో మాట్లాడుకోవాలి. ఆపైన కలిసి ఒక పని పూర్తి చేయాలి. దీనికి ఖర్చు తక్కువే. తప్పుగా చేస్తే మాత్రం నష్టం ఎక్కువ. అందుకే ఎలా చేయాలో, ఎక్కడ చెడుతుందో వివరంగా రాస్తున్నాం.

మన చీలికలు ఒకే రకంవి కావు. 2012 జూన్ 12న వంగర మండలం లక్షింపేటలో ఐదుగురు దళితులను చంపేశారు. మడ్డువలస ప్రాజెక్టు కోసం సేకరించి, మునగకుండా మిగిలిన భూమిని ఎవరు దున్నుకోవాలన్నది తగువు. అప్పుడు ఆ ఊరు శ్రీకాకుళం జిల్లాలో ఉంది, 2022 విభజన తర్వాత విజయనగరంలోకి వచ్చింది. జిల్లా మారింది కదా అని జ్ఞాపకం మారదు. నిర్వాసితుల కాలనీ వచ్చిన చోట కొత్తగా వచ్చినవాళ్లకీ పాత ఊరివాళ్లకీ నీళ్ల దగ్గర, శ్మశానం దగ్గర పేచీ. మందస, మెళియాపుట్టి వైపు షెడ్యూల్డ్ ప్రాంతం గీత బయట ఉండిపోయిన గిరిజన గూడేలకీ, కింద ఊళ్లకీ మధ్య వేరే లెక్కలు. తీరం వెంబడి ఊళ్లలో కట్టుబాటు పేరుతో వెలి వేయడాలు.

ఐదో రకం ఒకటుంది, దాన్ని ముందే పక్కన పెడుతున్నాం. ప్రభుత్వమే ఒక పక్షమైన తగువు. సోంపేట బీల (చిత్తడి) భూముల్లో 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ అక్కడ తలపెట్టిన థర్మల్ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. ఎనిమిది నెలలు తిరగకుండానే, 2011 ఫిబ్రవరి 28న, కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు. అలాంటి చోట ‘యువత సంభాషణ’ అని కలెక్టరేటే పందిరి వేస్తే, జనం దాన్ని ప్రాజెక్టుకు ఒప్పించే ఎత్తుగానే చూస్తారు. వాళ్లు అలా అనుకోవడంలో తప్పు లేదు. ప్రాజెక్టు కావాలన్నవాళ్లకూ వద్దన్నవాళ్లకూ మధ్య ఊళ్లో పడిన పగుళ్ల మీద పని చేయొచ్చు. కానీ ఆ పిలుపు మీ ఆఫీసు నుంచి రాకూడదు.

ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2015 డిసెంబర్ 9న చేసిన 2250వ తీర్మానం, శాంతి ప్రయత్నాల్లో 18 నుంచి 29 ఏళ్ల వాళ్లకు చోటివ్వాలని సభ్యదేశాలను కోరింది. మేం ఆ వయసునే తీసుకుంటున్నాం. పద్దెనిమిది లోపు పిల్లలను తేవద్దు. తల్లిదండ్రుల అనుమతులు, పోక్సో బాధ్యతలు, పరీక్షలు కలిసి పని సాగనివ్వవు.

ఈ పని ప్రపంచంలో కొత్తది కాదు. ఉత్తర ఐర్లాండ్‌లో కోరిమీలా కేంద్రం 1965 నుంచి ఉంది. 1993లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో సీడ్స్ ఆఫ్ పీస్ శిబిరం ఇజ్రాయెలీ, పాలస్తీనా, ఈజిప్టు పిల్లలతో మొదలైంది. అదే ఏడాది తజికిస్తాన్ అంతర్యుద్ధం నడుస్తుండగానే ఇరుపక్షాల మనుషులను అమెరికా మాజీ దౌత్యవేత్త హెరాల్డ్ సాండర్స్ బృందం ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టింది. 1997లో శాంతి ఒప్పందం కుదిరాక కూడా వాళ్లు కూర్చోవడం ఆపలేదు. సాండర్స్ పద్ధతిలో ఐదు దశలు: కూర్చోవాలా వద్దా అని తేల్చుకోవడం, తగువుల పటం గీయడం, ఒక తగువు లోతుకు దిగడం, దారులు వెతకడం, కలిసి చేయడం. మన శాంతి కమిటీ మొదటి దశ నుంచి ఒక్క గెంతున ఐదో దశకు వెళ్తుంది, అదీ అరగంటలో.

వేరే వర్గాల మనుషులు కలిసినంత మాత్రాన ద్వేషం తగ్గదని, నాలుగు షరతులుంటేనే తగ్గుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పాడు: గదిలో సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, పోటీ కాక సహకారం, పైవాళ్ల మద్దతు. మూడో షరతు మీద ఒక్క మాట. సంక్రాంతికి మన ఊళ్లలో క్రికెట్ టోర్నమెంట్లు పెడతాం. సామరస్యం పేరు చెప్పి ‘ఈ వీధి జట్టు, ఆ వీధి జట్టు’ అని ఆడిస్తాం. ఉత్తరప్రదేశ్‌లో కులాల మధ్య క్రికెట్ లీగ్ నడిపి మాట్ లోవ్ చేసిన పరిశోధన 2021లో వెలువడింది. వేరే కులాలవాళ్లు ఒకే జట్టులో ఆడితే స్నేహాలు పెరిగాయి, ఎదురు జట్లలో ఆడితే ఆ మేలు రాకపోగా తిరగబడింది. కాబట్టి ఆడిస్తే కలగలిపిన జట్లనే ఆడించండి, కప్పు మీద వీధి పేరు వద్దు. అది కూడా మొదటి మెట్టే. ఉత్తర ఇరాక్‌లో ఐసిస్ దాడుల తర్వాత క్రైస్తవులు, ముస్లింలు కలిసిన ఫుట్‌బాల్ జట్ల మీద సల్మా మౌసా చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. క్రైస్తవ ఆటగాళ్లు జట్టులోని ముస్లింలతో బాగానే కలిశారు. జట్టు బయటి ముస్లింల దగ్గరికొచ్చేసరికి పెద్ద తేడా కనబడలేదు. ‘ఆడు మంచోడే గానీ ఆళ్లోళ్లు అలాంటోళ్లు’ అని మనవాళ్లు అనేది ఇదే.

ఇక ఎంపిక. సర్పంచ్‌ని పేర్లడిగితే తన అన్నకొడుకు పేరొస్తుంది, ఓడినాయన్ని అడిగితే ఆయన మేనల్లుడి పేరొస్తుంది. మీరు రెండు కుటుంబాల్ని కూర్చోబెడతారు, ఊరిని కాదు. పేర్లు నాలుగు దారుల్లో సేకరించాలి: డ్వాక్రా సంఘాలు, కళాశాల అధ్యాపకులు, ఆటో, తాపీ, రొయ్యల చెరువు పనుల్లో ఉన్న కుర్రాళ్లు, సచివాలయం ఉద్యోగులు. కనీసం అరవై పేర్లు రావాలి. ఒక్కొక్కరితో ఇంటి దగ్గర ఇరవై నిమిషాలు మాట్లాడి ఇరవై నాలుగు మందిని తీసుకోవాలి. వైపుకు పన్నెండు, అందులో కనీసం ఐదుగురు అమ్మాయిలు. పార్టీ పదవిలో ఉన్నవాళ్లు వద్దు. బైండోవర్ అయినవాళ్లు మాత్రం ఇద్దరు ముగ్గురు తప్పక ఉండాలి. మార్కులొచ్చే పిల్లలు, మైకు పట్టే పిల్లలు మాత్రమే వస్తే గది ప్రశాంతంగా ఉంటుంది, వీధి అలాగే ఉంటుంది. గొడవ రోజు నలుగురు ఎవరి మాట విని వెనక్కి తగ్గుతారో, ఎవరి మాటకు ముందుకు దూకుతారో ఆ కుర్రాడు కావాలి. అతను సామాన్యంగా ఫారం నింపి రాడు.

ఒక గట్టి నిషేధం. నడుస్తున్న కేసులో నిందితులు, బాధితులు, సాక్షులు, వాళ్ల ఇంటివాళ్లు ఆ కేసు తేలేదాకా ఒకే బృందంలో ఉండకూడదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో బాధితుల, సాక్షుల హక్కుల కోసం 15ఏ సెక్షన్ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. మాట్లాడుకుందాం రమ్మని పిలిచి చివరికి రాజీకి ఒత్తిడి చేసే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. సంభాషణ బృందం రాజీ పంచాయితీగా మారిన రోజు బలహీనుడికి ఉన్న ఒక్క ఆసరా, అంటే కేసు, చేజారుతుంది. అందుకని మొదటి రోజే రాసి చదవాలి: ఈ గదిలో కేసుల మాట రాదు, ఇక్కడికి వచ్చినందుకు ఏ కేసూ వెనక్కి పోదు, రానందుకు ఏ కేసూ పెరగదు.

స్థలం ఎంపికలో సగం పని అయిపోతుంది. రామాలయం అరుగు వద్దు. ఎస్సీ కాలనీ కమ్యూనిటీ హాలూ వద్దు, అవతలివాళ్లు ఒకసారి వచ్చి ‘మేమొచ్చాం కదా’ అని ఏడాదంతా చెప్పుకుంటారు. ఒక కులపాయన కల్యాణ మండపం వద్దు, స్టేషన్ అసలే వద్దు. మూడో ఊళ్లోని జెడ్పీ హైస్కూలు, ఆదివారం. మరుగుదొడ్డికి తలుపు, గడియ, నీళ్లు ఉన్నాయో లేదో ముందు రోజు వెళ్లి చూడాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ అమ్మాయిలు రెండో విడతకు రాకపోవడానికి మేమెరిగిన మొదటి కారణం ఇదే. కూర్చుంటే అందరూ చాప మీద, లేదంటే అందరూ కుర్చీల్లో. రెండు రకాలున్న గదిలో ఎవరు దేనిమీద కూర్చుంటారో చెప్పక్కర్లేదు. టీ అందరికీ ఒకే రకం గ్లాసుల్లో. భోజనం వండడానికి ఇరువైపుల నుంచీ ఒక్కొక్కరు, వడ్డించడం, గిన్నెలు తోమడం వంతులవారీగా. సహపంక్తి భోజనం అని బ్యానర్ కట్టి ఫొటో తీయకండి. మొదటి విడతల్లో ఎవరైనా ఇంటి నుంచి క్యారియర్ తెచ్చుకుంటే మందలించకండి, నడిపేవాళ్లు తమ పుస్తకంలో రాసుకుంటే చాలు. నాలుగో ఐదో విడతకు ఎంతమంది క్యారియర్లు తెస్తున్నారన్నదే మీకొక కొలమానం.

మాట దగ్గర ఇంకో మెలిక ఉంది. కొన్ని ఊళ్లలో ఇరవయ్యేళ్ల కుర్రాడు దళితవాడ పెద్దాయన్ని ‘ఏరా’ అంటాడు, ఆ పెద్దాయన పదేళ్లవాణ్ని కూడా ‘బాబూ’ అంటాడు. వరస కలిపి పిలుచుకోవడం వీధి చివరికొచ్చి ఆగిపోతుంది. ఈ అలవాటు గదిలోకి చెప్పుల్లా వచ్చేస్తుంది, గుమ్మం దగ్గర విడిచిరమ్మనాలి. అందుకని అందరూ అందరినీ పేరు, ‘గారు’, ‘మీరు’. ముగ్గురు నలుగురు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఆరో విడతకు ‘నువ్వు’లోకి దిగితే సంతోషమే, కానీ రెండు వైపులా ఒకేసారి దిగాలి. ఒకరు ‘నువ్వు’ దగ్గరా ఇంకొకరు ‘మీరు’ దగ్గరా ఉండిపోతే నడిపేవాళ్లు అక్కడే ఆపి అడగాలి. ‘అన్నా, చెల్లీ’ అని బలవంతంగా పిలిపించడం మాకు నచ్చదు. వరసలు పుట్టాలి గానీ పురమాయిస్తే రావు.

గూడెం పిల్లలు ఉన్న బృందంలో తెలుగు ధారాళంగా వచ్చినవాడే గెలుస్తాడు. సవర పిల్లలకు ముందు సవరలో మాట్లాడే వీలుండాలి, తర్వాత వాళ్లలో ఒకరు తెలుగులో చెప్పాలి. అనువాదానికి పట్టే ఆ రెండు నిమిషాలు అవతలివాళ్లు మెదలకుండా వేచి ఉండడం కూడా శిక్షణే. సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించిన గిడుగు రామమూర్తి పుట్టిన పర్వతాలపేట మన శ్రీకాకుళం జిల్లాదే. ఆయన జయంతికి దండ వేసే ఆఫీసుల్లో సవర మాట్లాడగలిగినవాళ్లు ఎంతమందున్నారో ఒకసారి లెక్క చూసుకోవచ్చు.

మొత్తం 14 విడతలు, పదిహేను రోజులకొకటి, ఒక్కోటి మూడు గంటలు. మొదటి రెండు విడివిడిగా జరగాలి, ఏ వైపువాళ్లు ఆ వైపే. ఇది చాలామందికి వింతగా ఉంటుంది, కలపడానికి పిలిచి విడదీయడమేమిటని. కారణం ఉంది. తొలిరోజే కలిపితే బలమున్నవాళ్లు ‘మన ఊళ్లో అలాంటివేం లేవు’ అంటారు, లేనివాళ్లు తలూపుతారు. ఆ తలూపును ఐక్యత అని రిపోర్టులో రాస్తారు. ఒకే ఊరివాళ్లం అన్న పోలికల మీదే నడిపే కలయికలు బలహీన వర్గంలో ‘ఇక మనకు న్యాయం చేస్తారు’ అన్న ఆశ పెంచుతాయని, బలమైన వర్గం మాత్రం ఆ న్యాయం చేయడానికి కదలదని 2009లో తమర్ సాగీ తదితరుల పరిశోధన చూపింది. ఇజ్రాయెల్‌లోని నెవే షాలోమ్ గ్రామంలో 1979లో మొదలైన శాంతి పాఠశాల కూడా స్నేహాల పద్ధతితో మొదలై, వర్గాల మధ్య బలాబలాలను బాహాటంగా మాట్లాడించే పద్ధతికి మారింది.

విడిగా కూర్చున్నప్పుడు రెండు వైపులకూ ఒకటే పని. చాక్‌పీసుతో నేల మీద ఊరి పటం గీయాలి. బస్టాపుకు ఏ దారిన వెళ్తారు, ఏ దారిన వెళ్లరు, చీకటిపడ్డాక ఏ మలుపు దగ్గర నడక పెంచుతారు, బోరు ఎక్కడ, కాడు (శ్మశానం) ఎక్కడ, కాటికి దారి ఎవరి గట్టు మీంచి. ఆ పటాలను పెద్ద కాగితం మీదకు ఎక్కించి దాచాలి. నాలుగో విడతలో పక్కపక్కనే పరచాలి. ఒక పటంలో దళితవాడ ఒక్క గడిగా ఉంటుంది, రెండో పటంలో ప్రతి ఇల్లూ, ఎండిపోయిన బోరూ ఉంటాయి. ఆ పటాలు చెప్పే పాఠం మేం ఏ ఉపన్యాసంలోనూ చెప్పలేం. నడిపేవాళ్లు ఆ సమయంలో నోరు మెదపకూడదు, కనీసం పది నిమిషాలు.

ఐదు, ఆరు విడతలు వినడానికి. ఒకరు నాలుగు నిమిషాలు చెబుతారు. అవతలి వైపు ఒకరు తిరిగి చెప్పాలి, ‘అవును, నేనన్నది అదే’ అని మొదటివాళ్లు అనేదాకా. వాదన లేదు, జవాబు లేదు, ‘కానీ’ అన్న మాట లేదు. ముందు మాట్లాడేది బలహీన పక్షం. ఎందుకంటే 2012లో ఎమిల్ బ్రూనో, రెబెక్కా సాక్స్ పాలస్తీనా, ఇజ్రాయెల్ వాళ్లతోనూ, అమెరికాలో మెక్సికన్ వలసదారులు, తెల్లవాళ్లతోనూ పరీక్షించినప్పుడు, అణగిన వర్గం మనసు మారింది తమ మాట వినబడినప్పుడు, పై వర్గం మనసు మారింది అవతలివాళ్ల మాట విన్నప్పుడు. ఇద్దరికీ ఒకే మందు పనిచేయలేదు. నడిపేవాళ్లలో ఒకరు స్టాప్‌వాచీ పట్టుకుని ఏ వైపువాళ్లు, మగా ఆడా ఎవరు ఎన్ని నిమిషాలు మాట్లాడారో రాయాలి. అందరూ సమానంగా మాట్లాడారని అనుకుంటాం, లెక్క తీస్తే ముగ్గురు మగపిల్లలు సగం సమయం తిన్నట్టు తేలుతుంది.

ఆరో విడత తర్వాత సొంత మండలం బయట మూడు రోజుల శిబిరం. అప్పుడు తేలేవి ఎక్కువగా నిద్రవేళ, బట్టలు ఆరేసుకునే చోట. తిరిగొచ్చేటప్పుడే అసలు జాగ్రత్త. శిబిరంలో కలిసి పాడిన పిల్ల ఊరి పొలిమేర దాటగానే ‘ఆళ్ల మనిషైపోనావేటి’ అన్న మాట వింటుంది. ప్రపంచంలో పేరున్న శిబిరాల మీద వచ్చిన పెద్ద విమర్శ కూడా ఇదే: పిల్లలను మార్చి, మారని ఊళ్లోకి ఒంటరిగా పంపేస్తారని. అందుకని శిబిరానికి ముందొకసారి, తర్వాతొకసారి తల్లిదండ్రులతో సమావేశం పెట్టాలి. తిరిగొచ్చిన మొదటి వారం ప్రతి ఒక్కరికీ నడిపేవాళ్ల నుంచి రెండు ఫోన్లు వెళ్లాలి.

ఏడు, ఎనిమిదో విడతల్లో ఊరి సమస్యలను మూడు కుప్పలు పోయాలి. మనం చేయగలిగినవి, పంచాయతీ లేదా మండలం చేయాల్సినవి, కోర్టులో ఉన్నవి. మూడో కుప్పకు తాడు కట్టి పక్కన పెట్టేయాలి. మొదటి రెండింటి నుంచి ఒకటి ఎంచుకోవాలి: ఏ ఒక్క వైపూ ఒంటరిగా చేయలేనిది, అరవై రోజుల్లో అయ్యేది, ₹50,000 దాటనిది. కాటి దారి సర్వే కోసం ఇద్దరూ కలిసి తహసీల్దారు కార్యాలయానికి దరఖాస్తు పెట్టి, మండల సర్వేయరు కొలిచేటప్పుడు పక్కన నిలబడి, రాళ్లు పాతించడం మంచి పని. వచ్చే సంబరానికి ఊరేగింపు దారి, వేళ, డీజే మోత కుర్రాళ్లే రాసి పెద్దల ముందు పెట్టడం ఇంకా మంచి పని. విగ్రహానికి రంగులేయడం, మొక్కలు నాటి ఫొటో దిగడం పనులు కావు. ఒక వైపు తట్ట మోస్తూ రెండో వైపు లెక్కలు రాస్తుంటే ఆపేయాలి, అది పాత ఊరే.

నాయకత్వ శిక్షణ అంటే మైకులో మాట్లాడటమని మనకొక అలవాటు. మేమనేది వదంతిని ఆపడం. గొడవ మొదలైన తొలి రెండు గంటల్లో ఎక్కువ నష్టం చేసేది ఎక్కడిదో వీడియో. రెండు వైపుల నుంచీ ఇద్దరిద్దరు, మొత్తం నలుగురు. కబురందగానే ముందు ఒకరికొకరు ఫోన్ చేసుకోవాలి, వాళ్లలో దగ్గరున్నవాళ్లు ఆ చోటికి వెళ్లి చూడాలి, తర్వాత ఒకే మాటగా తమ తమ వాట్సాప్ గ్రూపుల్లో సొంత గొంతుతో పెట్టాలి. వీడియో పెట్టకూడదు, అబద్ధమని చెప్పడానికి కూడా. ఈ నలుగురినీ పోలీసులు సమాచారం కోసం వాడుకోకూడదు. ఎస్పీ గార్లకు మా ప్రత్యేక మనవి ఇదే: వెనక బెంచీలో మఫ్టీలో ఒక్క స్పెషల్ బ్రాంచ్ కానిస్టేబుల్ కూర్చున్నాడని తెలిస్తే మరుసటి విడతకు పదిమంది రారు, ఆ పదిమందే మనకు కావలసినవాళ్లు. హింసకు పథకం, పిల్లలపై లైంగిక నేరం, ఆత్మహత్య ఆలోచన తెలిస్తే మాత్రం నడిపేవాళ్లు దాచరు. ఆ సంగతి బృందానికి మొదటి రోజే చెబుతారు. మిగతాది గది దాటదు.

నడిపేవాళ్లు ఇద్దరు, వైపుకొకరు, ఒకరు స్త్రీ అయితే మేలు. ఆ ఊరివాళ్లు కాకూడదు. కనీసం పది రోజుల శిక్షణ, అందులో సగం మాక్ బృందాలతో. ఎన్ఎస్ఎస్ ప్రోగ్రాం అధికారి మీద ఈ బరువు పెట్టి ఊరుకుంటే మూడో నెలకు పరీక్షల డ్యూటీ పడుతుంది, బృందం అక్కడితో సరి. ఎన్ఎస్ఎస్‌కు రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఎలాగూ ఉన్నాయి. బృందంలోని విద్యార్థులకు ఈ గంటలను ఆ లెక్కలో వేయమని విశ్వవిద్యాలయాలను అడుగుతున్నాం.

ఖర్చు. ఆదివారం కూడా కూలి పోతుంది. 2025–26 ఉపాధి హామీ రేటు ₹307 లెక్కన 24 మందికి 14 విడతలకు ₹1,03,152. భోజనం 27 మందికి ₹120 చొప్పున ₹45,360. ఆటో, బస్సు తలకు ₹60 చొప్పున ₹20,160. నడిపే ఇద్దరికి 14 విడతలు, 14 సన్నాహక రోజులు, రోజుకు ₹1,500 చొప్పున ₹84,000. శిబిరం 27 మందికి మూడు రోజులు, రోజుకు ₹500 చొప్పున ₹40,500. ఉమ్మడి పనికి ₹50,000. అంతా కలిపి ₹3,43,172. రెండు జిల్లాల్లో నాలుగు బృందాలకు పద్నాలుగు లక్షల లోపే. కూలి డబ్బుల పద్దు కొట్టేస్తే రోజు కూలీ పిల్లలు ముందు రాలిపోతారు, వాళ్లు ఎక్కువగా ఒకే వైపు వాళ్లయి ఉంటారు. ఆ పద్దు ముట్టుకోవద్దు.

ఫలితం కొలవడానికి ‘బాగుంది, చాలా బాగుంది’ అని టిక్కులు పెట్టే కాగితం వద్దు. మొదట్లో, ఆరో నెలలో, పద్దెనిమిదో నెలలో అడగాల్సినవి: గడిచిన నెలలో అవతలి వీధివాళ్లకు, బృందంలో లేనివాళ్లకు, నీ అంతట నువ్వు ఎన్నిసార్లు ఫోన్ చేశావు? వాళ్ల ఇంట్లో పెళ్లికో చావుకో వెళ్లావా? ఈ ఏడాది ఊరేగింపు ఏ వీధి దాకా వెళ్లింది? బైండోవర్ల సంఖ్య స్టేషన్‌లోనే ఉంటుంది. ఇలాంటి బృందం లేని పక్క ఊళ్లో కూడా ఇవే ప్రశ్నలు అడగాలి, లేకపోతే కాలం తెచ్చిన మార్పును మన ఖాతాలో రాసుకుంటాం.

జిల్లా యంత్రాంగం చేతిలో ఇప్పటికే ఉన్నవాటికే దీన్ని తగిలించవచ్చు. అత్యాచారాల నిరోధక నియమాల ప్రకారం జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. బృందం తేల్చిన రెండో కుప్ప, అంటే మండలం చేయాల్సినవి, పేర్లు లేకుండా ఆ కమిటీ ఎజెండాలోకి రావాలి. ప్రతి నెలా 30న జరిపే పౌర హక్కుల దినాన్ని ఆ ఊళ్లో పెట్టినప్పుడు వేదిక మీద కుర్రాళ్లుండాలి. యువజన సర్వీసుల శాఖ, సెట్‌శ్రీ (శ్రీకాకుళం యువత శిక్షణ, ఉపాధి సంస్థ), మై భారత్ (కేంద్ర యువజన సంస్థ) ఏటా పెట్టే శిక్షణల్లో నాలుగో వంతు ఇలాంటి ఊళ్లకు కేటాయించవచ్చు. కలెక్టర్ గారు వచ్చి చూడాలనుకుంటే ఉమ్మడి పని అయ్యాక రండి, ముందు వద్దు. ముందొస్తే పిల్లలు మీకోసం మాట్లాడతారు.

కాలం విషయం. ఉభాల (వరి నాట్ల) వేళ, కోతల వేళ వ్యవసాయం ఊళ్లలో ఎవరూ రారు. అక్కడ సంక్రాంతికి చెన్నై, హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రాళ్లు వెళ్లకముందే పేర్లు తీసుకోవాలి. మళ్లీ వెళ్లినవాళ్లు విడతకు ఫోన్‌లోనైనా అరగంట కలవాలి. పంచాయతీ ఎన్నికల నోటిఫికేషన్‌కు ఆరు నెలల లోపు కొత్త బృందం మొదలుపెట్టకండి, వచ్చే ప్రతివాణ్నీ ఎవరి మనిషని లెక్కేస్తారు. తీరం ఊళ్లలో అనువైన కాలం వేట నిషేధం: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు పడవలు ఒడ్డునే ఉంటాయి, కుర్రాళ్లు ఇళ్ల దగ్గరే ఉంటారు. ఆ రోజుల్లో వారానికొకటి చొప్పున ఎనిమిది విడతలు పూర్తవుతాయి. అలా కావాలంటే అరవై పేర్లు మార్చి మొదటి వారానికి చేతిలో ఉండాలి, నడిపేవాళ్ల శిక్షణ ఫిబ్రవరిలో అయిపోవాలి, అంటే ఉత్తర్వు జనవరిలో రావాలి. జనవరి 12 ఫ్లెక్సీ డబ్బుల్లోంచి కొంత ఇటు మళ్లించినా మాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
యువత సంభాషణ బృందాల పని తెలిసిన శిక్షకులు, అధ్యాపకులు, న్యాయవాదులు కొందరం
శ్రీకాకుళం, విజయనగరం